గులాబీల గదిలో వాయింట కూర

నమోదు 1

వంటశాల దినచర్యలో ముద్ద ఎంత ఉడికింది, నీళ్లెన్ని ఖర్చయ్యాయి, ఎంతమంది తిన్నారు అన్నవి మాత్రమే రాయాలని రూలు. ఇవాళ పొయ్యి వెలిగించలేదు. ఎవరూ తినలేదు. ఎందుకు తినలేదో కూడా రాస్తున్నాను. చదివే అధికారికి నచ్చకపోతే పేజీ తిప్పేయవచ్చు.

నా చెల్లెలి కూతురు స్వరూపను ఈ ఉదయం గని బాయిలో, తవ్వకం అయిపోయిన పాత గల్లీలో పూడ్చిపెట్టాం. ఆడపిల్లను కన్నది. కన్న తరవాత కళ్లు మూసుకుని మళ్లీ తెరవలేదు. నర్సు కెముంటో చేయగలిగిందంతా చేసింది. బయటికొచ్చి నా పక్కన గోడకు చేరగిలబడి ఒకటే మాట అంది.

"పోయిన రక్తం ఎక్కువేం కాదక్కా. ఇంకొకలైతే బతుకుదురు. ఈ పిల్ల ఒంట్లనే లేకుండె."

ఈ ఎర్ర గ్రహం మీద మా ఎర్రమెట్టలో ఎటు చూసినా ఇనుమే. కొండ ఇనుము, దుమ్ము ఇనుము, తుఫాను లేస్తే ఆకాశం కూడా ఇనుము రంగే. మేము దాన్ని తవ్వి, పైన ఓడలు కట్టే రేవుకు పంపుతాం. అంత ఇనుము తవ్వే ఊళ్లో, ఒంట్లో ఇనుము చాలక ఒక ఆడపిల్ల చచ్చిపోయింది. ఈ వాక్యం కొట్టేయాలని ఎవరికైనా అనిపిస్తే, కొట్టేసే ముందు ఇంకోసారి చదవండి.

తొట్లలో పెరిగే మా ముద్దలో ఇదివరకు ఇనుము కలిపేవాళ్లు. దానివల్ల గొట్టాలు పాడవుతున్నాయని కంపెనీ మానేసింది. బదులు గోలీలు, అంటే ఇనుము మాత్రలు, ఇస్తామంది. రెండు ఓడలు వచ్చి వెళ్లాయి. గోలీలు రాలేదు.

స్వరూప మొగుడు రాజలింగు బిడ్డను తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. ఇక్కడ పసిబిడ్డను ఎత్తుకుంటే చేతికి బరువే తగలదు. నేను తొమ్మిదేళ్ల వయసులో బెల్లంపల్లి నుంచి వచ్చినదాన్ని. భూమ్మీద మా తమ్ముణ్ణి ఎత్తుకుంటే నడుము పక్కకు వంగిపోయేది. ఈ పిల్ల దూదిలా ఉంది.

"అత్తమ్మా, దీన్ని ఏం జేయాలె నేను?" అన్నాడు రాజలింగు.

నేను బిడ్డకు నా కొంగు కప్పాను.

నమోదు 2

గోలీల సంగతి అడగడానికి డైరెక్టరు నళినీకాంత్ దగ్గరికి వెళ్లాను. ఆఫీసులో లేడు. గులాబీల గదిలో ఉన్నాడన్నారు. ఊళ్లో సగం మంది ఆ గది చూడనే లేదు. భూమి నుంచి పెట్టుబడిదారులు వస్తున్నారు. వాళ్లు ఈ ఎర్ర దిబ్బ మీద పూలు చూసి మురిసిపోవాలని దాన్ని కట్టించాడు. గులాబీ అంట్లు, వాటికి సరిపడా మట్టి కెన్యా నుంచి తెప్పించారు. గోలీలకు చోటు లేని ఓడలో మట్టికి చోటు దొరికింది.

"మీ బాధ నేను అర్థం చేసుకోగలను, కొమురమ్మ గారూ," అన్నాడు పూలకేసి చూస్తూనే. "తరవాతి ఓడలో తప్పకుండా వస్తాయి."

"పోయిన ఓడప్పుడు గూడ గిదే అన్నరు సార్."

"ఓడకు బరువు పరిమితి ఉంటుంది కదమ్మా."

"ఈ మట్టికి బరువు లేదా సార్?"

ఆయన ఒక పువ్వును రెండు వేళ్లతో తిప్పి చూశాడు.

అప్పుడే నా ముక్కుకు ఘాటుగా ఒక వాసన తగిలింది. ఆవాలు నలిపినట్టు, దానికి కాస్త పచ్చి చేదు కలిసినట్టు. చుట్టూ చూశాను. తోటమాలి గులాబీల మొదట్లో మొలిచిన కలుపు పీకి సంచిలో వేస్తున్నాడు. చేతి వేళ్లలా విచ్చుకున్న ఐదాకులు, ముట్టుకుంటే అంటుకునే కాడ, పిల్లి మీసాల్లాంటి పొడుగు కేసరాలతో తెల్లటి పువ్వు. వానలు పడ్డాక మా అమ్మమ్మ రైలు పట్టాల పక్కన ఒడి నిండా కోసుకొచ్చేది. చెవిపోటు వస్తే ఈ ఆకు నలిపి రసం పిండేది. వాయింట. నేను మళ్లీ చూస్తాననుకోలేదు.

"ఆ సంచి ఎటు తీస్కపోతవ్?" అని తోటమాలిని అడిగాను.

"కొలిమిలెయ్యాలె అక్కా. రిజిస్టరు గాని మొక్క ఉండొద్దని రూలు."

"నేను అటే పోతున్న. ఇయ్యి."

కొలిమికి పోలేదు. తిన్నగా కెముంటో గదికి పోయాను. ఆమె పదహారేళ్లప్పుడు కెన్యాలోని కిసీ కొండల నుంచి వచ్చింది. మా మధ్యే బతికి మా మాటే మాట్లాడుతుంది. సంచి విప్పగానే లేచి నిలబడింది.

"చిన్సగా!" అంటూ ఒక ఆకు తుంచి పచ్చిదే నోట్లో వేసుకుంది. నమిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చేదుకనుకున్నాను. కాదు.

"మా కొండలల్ల బాలింతకు ఫస్టు ఇదే పెడ్తరక్కా. రక్తం పడ్తదని. మా అమ్మ నన్ను కన్నప్పుడు నెల రోజులు ఇదే తిన్నదట."

"ఇది వాయింట. మా దిక్కు కూర."

"మీదెట్లయితది? అచ్చింది మా మట్టిల!"

"మా అమ్మమ్మ ఒండింది."

"మా అమ్మమ్మ పాలు బోసి ఒండింది. మీరు?"

"పెసరుపప్పుల."

"ఛీ," అంది.

స్వరూప పోయాక మేమిద్దరం నవ్వడం అదే మొదటిసారి. నవ్వాక ఇద్దరికీ సిగ్గేసింది. తరవాత కెముంటో నా చెయ్యి పట్టుకుని చెప్పింది: "అక్కా, ఒకటి యాదికుంచుకో. ఇది ఆకు. మంత్రం గాదు. ఇయ్యాల తింటే రేపు రక్తం రాదు. నెలలు తినాలె. స్వరూపకు ఆఖరు రోజులల్ల పెట్టినా బతకకపోవు."

అది విన్నాక నా కోపం తగ్గాలి. తగ్గలేదు. నెలలు తినాలంటే నెలల కిందటే మొదలుపెట్టాలి కదా. ఎవరు మొదలుపెట్టనివ్వలేదు?

నమోదు 3

మొలకలను వంటశాల వెనక, ఆవిరి గొట్టం పక్కన, విరిగిన ముద్ద తొట్లలో నాటాం. వెచ్చగా ఉంటుంది. గిన్నెలు కడిగిన నీళ్లు పోస్తున్నాం. పాడైన దీపాలను రాజలింగు బాగుచేసి పైన వేలాడదీశాడు. బిడ్డను వీపుకు కట్టుకుని ఆ పని చేశాడు. అది వాయింట. బతిమాలించుకోదు. ఇంత తడి, ఇంత వెలుగు చూపిస్తే చాలు, లేచి నిలబడింది.

నమోదు 4

మొదటిసారి వండాను. ఉడికించి, చేదు నీళ్లు వంపేసి, ఎప్పటి నుంచో దాచుకున్న ఎండుమిర్చి, వెల్లుల్లి పొడి వేసి పోపు పెట్టాను. పప్పు లేదు, పాలు లేవు. కెముంటో, నేను ఇద్దరం ఓడిపోయాం. ముద్దతోనే కలిపాను.

ముందు కడుపుతో ఉన్నవాళ్లకు పెట్టాను. వాళ్లలో చిన్నది గోదావరి. బాయి లిఫ్టు నడుపుతుంది. ఆమెకు ఐదో నెల. ఇక్కడే పుట్టింది. నదిని ఎన్నడూ చూడలేదు. ఆ పేరు వాళ్ల నాయన బెంగ కొద్దీ పెట్టుకున్నాడు. కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపల తెల్లగా, కాగితంలా ఉంది. స్వరూపకూ అలాగే ఉండేది.

గోదావరి ఒక ముద్ద తిని మొహం చిట్లించింది. "కొమురక్కా, గిదేంది, గింత చేదున్నది?"

"తిను."

"తినుకుంట అడుగుతున్న గదా."

గిన్నె ఊడ్చి తింది. తిన్నాక వేళ్లు నాకింది. ఈ ఊళ్లో పుట్టినవాళ్లకు ముద్ద తప్ప మరో రుచి తెలియదు. చేదు కూడా వాళ్లకు కొత్తే.

నమోదు 5

ఇవాళ కాపలావాళ్లు వచ్చారు. నలుగురు. ముందు నడిచింది నళినీకాంత్. అప్పటికి మొక్కలు నా నడుము దాకా ఎదిగాయి. రోజూ కోస్తున్నాం, రోజూ చిగురు వేస్తోంది. ఆడవాళ్లు పని దిగి వస్తూ వరుసలో నిలబడి తిని వెళుతున్నారు.

"రిజిస్టరు కాని మొక్క వల్ల తొట్లకు తెగులు పట్టవచ్చు," అన్నాడాయన. "ఊరందరి తిండికి నేను బాధ్యుణ్ణి. పీకేయండి."

"తెగులు ఎవరికి బట్టిందో మీకు ఎరికేనా సార్?" అన్నాను. "ఆడోళ్ల కండ్లు ఒక్కపాలి చూడున్రి. రెప్ప తెరిచి చూడున్రి."

"కొమురమ్మ గారూ, అనవసరంగా ఉద్రేకపడకండి."

ఉద్రేకం! నా చేతిలో మరుగుతున్న నీళ్ల గిన్నె ఉంది. దాన్ని ఆ మనిషి మీద పోయకుండా పొయ్యి మీదకు తిరిగి దింపడం నా బతుకులో నేను చేసిన అన్నిటికన్నా కష్టమైన పని. దింపినందుకు ఎవరూ నన్ను మెచ్చుకోనక్కర్లేదు. దింపినందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

రాజలింగు మాత్రం ఆగలేదు. బిడ్డను గోదావరి చేతికిచ్చి తొట్లకు అడ్డంగా పడుకున్నాడు. "నా పెండ్లాం పోయింది. ఇంకెందర్ని పంపుతరు?" అంటూనే ఉన్నాడు. కాపలావాళ్లు అతని చేతులు, కాళ్లు పట్టుకుని పక్కకు మోసుకుపోయారు. ఆ నలుగురిలో ఒకడి పెళ్లాం కూడా కడుపుతో ఉంది. వాడు నా వైపు చూడలేదు. మొక్కలన్నీ పీకి సంచుల్లో కుక్కి, కొలిమికి తీసుకుపోయారు. కాలుతుంటే ఆ ఘాటు వాసన గాలి గొట్టాల్లో పడి ఊరంతా తిరిగింది. ప్రతి ఇంటికీ తెలిసింది, ఏం కాలుతోందో.

నమోదు 6

అన్నీ కాలలేదు. కూరకు వచ్చిన ఆడవాళ్లు ముదిరిన కాయలు కూడా కోసుకుపోయారట. నాకు కూడా చెప్పలేదు. నాకు చెబితే దాచలేనని, నా మొహం చూస్తేనే తెలిసిపోతుందని అనుకున్నారట. నిజమే. ఇప్పుడు మంచాల కింద, స్నానాల గదుల మూలల్లో, పాత బూట్లలో కూడా వాయింట పెరుగుతోంది.

కెముంటో అందరి వేళ్లూ పొడిచి రక్తం చూసింది. కొద్దిగా పెరిగింది. అందరికీ కాదు, చాలామందికి. ఆమె ఆ సంగతిని ఎవరికీ దాచలేదు. "మంచి ముచ్చటకు భయమెందుకక్కా?" అంది. డైరెక్టరుకు కూడా పోయి చెప్పింది. వింటే మనసు మారుతుందని ఆమె ఆశ. ఆమె మంచిది. అదే ఆమెతో చిక్కు.

నమోదు 7

మనసు మారింది. ఎలా మారిందో రాస్తాను.

పొద్దున్నే మైకులో ప్రకటన వచ్చింది. గులాబీల మట్టి కంపెనీది కాబట్టి అందులో మొలిచిన మొక్క, దాని విత్తనం, దాని సంతానం కూడా కంపెనీవే. ఇకపై దానిని 'ఎర్రమెట్ట ఆకు' అని పిలవాలి. ఇళ్లలో పెంచితే శిక్ష. కంపెనీయే గులాబీల గది పక్కన పెంచుతుంది. కూర మాత్రం బాయిలోకి దిగి తవ్వేవాళ్లకే, ఎందుకంటే వాళ్ల బలం వల్లే ఊరు నడుస్తుంది.

గోదావరి లిఫ్టు నడుపుతుంది, తవ్వదు. కాబట్టి ఆమెకు లేదు. కడుపుతో ఉన్న ఏ ఆడదీ తవ్వదు. కాబట్టి ఎవరికీ లేదు.

నేను ఆయన ఆఫీసుకు పరుగెత్తాను.

"ఎవలకోసం పెంచినమో వాళ్లకే లేదంటరా?"

"ప్రస్తుతానికి దిగుబడి తక్కువ, కొమురమ్మ గారూ. ప్రాధాన్యం నిర్ణయించాలి. అన్నట్టు, వచ్చే వారం పెట్టుబడిదారులు వస్తున్నారు. ఈ ఆకు గురించి వాళ్లకు చెప్పాను. చాలా ఆసక్తి చూపించారు. ఇతర కాలనీలకు కూడా అమ్మవచ్చునంటున్నారు. విందులో మీ చేతి వంటే ఉండాలి."

మొన్న కాల్చినవాడు, ఇవాళ వండమంటున్నాడు. కాల్చినందుకు ఒక్క మాట లేదు. నేను గట్టిగా అరుస్తాననుకున్నాను. నా గొంతులోంచి చాలా మామూలు మాట వచ్చింది.

"ఎంతమందికి ఒండాలె సార్?"

"పన్నెండు మందికి."

"సరే సార్. ఒండుత."

నమోదు 8

విందు అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

గులాబీల గదిలో పొడుగాటి బల్ల వేశారు. తెల్ల గుడ్డ పరిచారు. నాకిచ్చిన ఆకంతా వండాను. నా బతుకులో అంత బాగా ఎప్పుడూ వండలేదు. విందు కోసం పెసరపప్పు ఇచ్చారు, పాలపొడి కూడా ఇచ్చారు. సగం పప్పులో, సగం పాలలో వండాను. అతిథులు పై అంతస్తులో డైరెక్టరు ఉపన్యాసం వింటుండగా, కడుపుతో ఉన్నవాళ్లను, బాలింతలను వెనక తలుపులోంచి తీసుకొచ్చి ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టాను. కెముంటో వడ్డించింది.

గోదావరి పాల కూర తిని, "ఇదే మంచిగున్నది," అంది. కెముంటో నా వైపు ఒక చూపు చూసింది.

తలుపు తెరుచుకునేసరికి గిన్నెలు ఖాళీ. నళినీకాంత్ గడప మీదే ఆగిపోయాడు. వెనక అతిథులు. వాళ్లకు పెద్ద ఒక ముసలావిడ. మెడలో పగడాలు, చేతిలో కర్ర.

"ఇదేమిటి?" అన్నాడు.

"విందు సార్. పన్నెండు మందికి ఒండుమన్నరు. పన్నెండు మందే ఉన్నరు. లెక్క బెట్టుకోన్రి."

"వీళ్లు..."

"వీళ్లకు రక్తం లేదు సార్. రక్తం లేక నా బిడ్డ స్వరూప చచ్చిపోయింది. ఇనుము గోలీల జాగల ఈ మట్టి మోసుకచ్చిన్రు, ఈ పూలకు." నా గొంతు అప్పుడు లేచింది. అతిథులందరికీ వినిపించాలనే లేపాను. "మట్టిల తిండి మొలిస్తే కాలబెట్టిన్రు. పనికొస్తదని తెలిసినంక మీదన్నరు. మీదైతే మీరే ఒండుకోన్రి. నేను ఒండ."

పగడాల ఆవిడ నా మాట విని చలించిపోయిందని రాస్తే బాగుండును. చలించలేదు. బల్ల వైపు చూసి, చేతి గడియారం చూసి, "మన ఓడ ఎన్నింటికి?" అని పక్కవాణ్ణి అడిగింది.

కాపలావాళ్లు నన్ను బయటికి, లిఫ్టు ముందున్న వాకిట్లోకి నడిపించారు. అతిథులు ఆకలితోనే లిఫ్టు దగ్గరికి పోయారు. పై రేవుకు పోవాలన్నా ఆ బాయి లిఫ్టే దారి. అక్కడ వాళ్ల ఓడ బయలుదేరాలి. తుఫాను వస్తోంది. ఆ పూట దాటితే మళ్లీ చాలాకాలం దాకా ఎగరదు.

అప్పటికే గోదావరి తన డ్యూటీకి వచ్చి లిఫ్టులో కూర్చుంది. కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని ఉంది. లిఫ్టు తాళం చెవి దాని చోట లేదు. అది ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు.

"లిఫ్టు నడుపు," అన్నాడు నళినీకాంత్.

"నడప."

"నీ ఉద్యోగం..."

"తీసేయ్ సార్. తీసేసినంక నడిపేటోళ్లను పట్కరా."

నడపడం వచ్చిన ఇంకో మనిషి రాజలింగు. అతను బిడ్డను భుజాన వేసుకుని లిఫ్టు తలుపు ముందే కూర్చున్నాడు. అతని వెనక బాయి దిగాల్సిన షిఫ్టు మొత్తం వచ్చి కూర్చుంది, మగవాళ్లు, ఆడవాళ్లు. ఎవరూ నినాదాలు ఇవ్వలేదు. కాపలావాళ్లలో ఆ పెళ్లాం కడుపుతో ఉన్నవాడు లాఠీ గోడకు ఆనించి, వాళ్ల పక్కనే చతికిలబడ్డాడు.

పగడాల ఆవిడ అప్పుడు నోరు తెరిచింది. మా మీద జాలితో కాదు, ఓడ తప్పిపోతుందనే. "వీళ్లకు కావలసిందేమిటో ఇచ్చేయండి. అంత పెద్ద కోరికలేం కాదు కదా?" అంది నళినీకాంత్‌తో.

నిజంగానే పెద్దవి కావు. కూర్చున్న చోటి నుంచే రాజలింగు ఒక్కొక్కటే చెప్పాడు. ముద్దలో మళ్లీ ఇనుము కలపాలి. అతిథులు వచ్చిన ఓడలోని మందుల పెట్టె ఇక్కడే దించాలి. వాయింట ఎవరైనా, ఎక్కడైనా పెంచుకోవచ్చు. మైకులో అందరూ వినేలా చెప్పాలి. నళినీకాంత్ చెప్పాడు.

అంత చిన్న కోరికలు. మైకులో ఒక నిమిషం పని. ఆ నిమిషం కోసం స్వరూప చావాలా?

నమోదు 9

ముద్ద రంగు మారింది. గొట్టాలు పాడవుతున్నాయి. కడుగుతున్నాం. కడగడానికి మనుషులున్నారు. ఎప్పుడూ ఉన్నారు.

గోదావరికి మగపిల్లాడు. రక్తం చాలానే పోయింది. తెల్లారేదాకా కెముంటో కదల్లేదు. ఇప్పుడు తల్లి లేచి కూర్చుని, ఆకలేస్తోందని అందరినీ తిడుతోంది.

"ఆకు వల్లనా, గోలీల వల్లనా?" అని అడిగాను.

"నాకు తెల్వదక్కా," అంది కెముంటో. "బతికింది."

నమోదు 10

నన్ను వంటశాల నుంచి తీసేశారు. అతిథులను అవమానించినందుకట. ఈ దినచర్య కూడా రేపటి నుంచి వేరేవాళ్ల చేతికి పోతుంది. నేను తొట్లు కడిగే పనికి పోతాను. చింత లేదు.

సాయంత్రం నళినీకాంత్ మా ఇంటికి వచ్చాడు. మొదటిసారి. చేతిలో ఒక పలక. కొత్త ఆకుమడి ముందు పెట్టడానికి చేయించాడట. మెరుగు పెట్టిన ఇనుప రేకు, చుట్టూ పూల అంచు. దాని మీద 'స్వరూప కూర' అని చెక్కించాడు.

"ఇకపై ఆ ఆకు పేరు ఇదే. అందరూ ఆ అమ్మాయిని తలుచుకుంటూ తింటారు," అన్నాడు. గొంతు మెత్తగా ఉంది. కళ్లు కూడా. నిజంగానే బాధపడుతున్నాడనుకుంటాను. బాధపడటం ఇప్పుడు ఆయనకు తేలిక.

రాజలింగు పలకను చేతిలోకి తీసుకున్నాడు. అక్షరాలను వేలితో తడిమాడు. నా వైపు చూశాడు.

"సార్, ఆ ఆకుకు పేరున్నది," అన్నాను. "మేము వాయింట అంటం, కెముంటో చిన్సగా అంటది. మీరు కొత్త పేరు పెట్టే అక్కెర లేదు. స్వరూప ఆకు గాదు. మనిషి. ఆమె ఎట్ల సచ్చిందో రాయున్రి. ఇనుము ఆపింది ఎవరో, ఎందుకు ఆపిన్రో ఈ పలక మీద రాసి, మీ ఆఫీసు తలుపుకు కొట్టుకోన్రి. అప్పుడు ఆమె పేరు రాసుకోన్రి."

"మీకు ఇంకా కోపం పోలేదు, కొమురమ్మ గారూ."

"లేదు సార్."

"ఎప్పటికి పోతుంది?"

ఆయన నిజంగానే అడుగుతున్నాడు. నేనూ నిజంగానే ఆలోచించాను. లోపలి గదిలో బిడ్డ లేచి ఏడవడం మొదలుపెట్టింది. రాజలింగు పలకను తిరిగి ఆయన చేతిలో పెట్టి లోపలికి పోయాడు.

"తెల్వదు సార్," అని తలుపు వేసుకున్నాను.